పద్దెనిమిదేళ్లు నిండిన మర్నాడు: మేధో వైకల్యం ఉన్నవారి సంరక్షణలోని చిక్కుముడులు

మేధో వైకల్యం ఉన్న అబ్బాయికో అమ్మాయికో పద్దెనిమిదేళ్లు నిండిన రోజున ఇంట్లో ఏమీ మారదు. తల్లి ఎప్పటిలాగే పొద్దున్నే లేపి, పళ్లు తోమించి, అన్నంలో పప్పు కలిపి పెడుతుంది. చట్టం లెక్కలో మాత్రం ఆ ఒక్క రాత్రిలో చాలా మారిపోతుంది. అప్పటిదాకా సహజ సంరక్షకులుగా ఉన్న తల్లిదండ్రులకు బిడ్డ తరఫున సంతకం చేసే అధికారం పోతుంది. ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల వరకు చట్టం ఇచ్చిన ఉచిత విద్య హక్కు ముగుస్తుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నేర్పే, మండలంలోని భవిత కేంద్రం ఇక ఆ పిల్లవాడిది కాదు. బ్యాంకుకు వెళితే మైనర్ ఖాతాను మార్చడానికి ఖాతాదారే వచ్చి సంతకం పెట్టాలంటారు. పెన్ను పట్టడం రాని మనిషి పేరు మీద, పెన్ను పట్టగలిగిన తల్లిని పక్కన నిలబెట్టి చెప్పే మాట అది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ విషయం సాధారణంగా పింఛను వార్తల్లోనే కనిపిస్తుంది. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగ పింఛన్ల పునఃపరిశీలన జరిగినప్పుడు చర్చంతా సర్టిఫికెట్ల చుట్టూ, శాతాల చుట్టూ తిరిగింది. ఆ చర్చ అవసరమైనదే. అయితే మేధో వైకల్యం ఉన్న వ్యక్తికి శాతం తేలిన తర్వాతే అసలు ప్రశ్నలు మొదలవుతాయి. ఆ మనిషికి రోజువారీ తోడు ఎవరు, ఆ తోడుకు అయ్యే ఖర్చు ఎవరిది, ఆ మనిషి జీవితానికి సంబంధించిన నిర్ణయాలు ఎవరు చేయాలి, తల్లిదండ్రులు లేని రోజున ఇల్లు ఏది? ఈ నాలుగు ప్రశ్నలనూ కలిపి ఒకటే అన్నట్టు మాట్లాడడం వల్లే చాలా కుటుంబాలు అయోమయంలో పడుతున్నాయి. వీటిని ఒక్కొక్కటిగా విడదీసి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

పేర్ల దగ్గరే మొదలయ్యే గందరగోళం

వాడుకలో మనం వేర్వేరు పరిస్థితులన్నింటినీ ఒకే గాటన కడతాం. "వాడికి కాస్త మెంటల్ అండీ" అనే మాటలో మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం, ఆటిజం, చదువులో వెనకబాటు అన్నీ కలిసిపోతాయి. వీటి మధ్య తేడా తెలియకపోతే వెళ్లవలసిన కార్యాలయం, అడగవలసిన సర్టిఫికెట్, వర్తించే చట్టం అన్నీ తప్పుతాయి.

మేధో వైకల్యం అంటే రెండు పరిమితులు కలిసి ఉండడం. ఆలోచించడం, నేర్చుకోవడం, సమస్యను పరిష్కరించుకోవడం అనే బుద్ధి సంబంధమైన సామర్థ్యం బాగా తక్కువగా ఉండాలి. దానితోపాటు స్నానం, బట్టలు, డబ్బు, ప్రయాణం, నలుగురితో మెలగడం వంటి నిత్యజీవిత నైపుణ్యాలు కూడా వయసుకు తగ్గట్టు రాకపోవాలి. ఇది ఎదుగుదల కాలంలోనే కనబడుతుంది, మందులతో పోయే జబ్బు కాదు. పాతకాలంలో దీన్ని బుద్ధిమాంద్యం అనేవారు. మానసిక అనారోగ్యం వేరు. అది ఎవరికైనా, ఏ వయసులోనైనా రావచ్చు, చాలా సందర్భాల్లో చికిత్సకు లొంగుతుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తన నిర్వచనం నుంచి మేధో వైకల్యాన్ని స్పష్టంగా తప్పించింది.

మరో చిక్కు ఇంగ్లిష్ పదంతో వస్తుంది. 'లెర్నింగ్ డిజబిలిటీ' అంటే మన దేశంలో చాలామందికి డిస్లెక్సియా గుర్తుకొస్తుంది. తెలివితేటలు మామూలుగానే ఉండి, చదవడంలోనో రాయడంలోనో లెక్కల్లోనో మాత్రమే ఇబ్బంది ఉండే స్థితి అది. దాన్ని మన చట్టం నిర్దిష్ట అభ్యసన వైకల్యం అంటుంది. బ్రిటన్ ప్రభుత్వ పరిభాషలో మాత్రం అదే 'లెర్నింగ్ డిజబిలిటీ'కి అర్థం మేధో వైకల్యం. లండన్‌లోనో లెస్టర్‌లోనో స్థిరపడిన తెలుగు కుటుంబానికి అక్కడి కౌన్సిల్ నుంచి ఉత్తరం వస్తే, హైదరాబాద్‌లోని బంధువులు దాన్ని డిస్లెక్సియా అనుకొని "ట్యూషన్ పెట్టిస్తే సరిపోతుంది" అని సలహా ఇవ్వడానికి కారణం ఇదే.

మన చట్టం కూడా ఈ విషయంలో పూర్తిగా స్పష్టంగా లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాల సంఖ్య 21. అంతకుముందున్న 1995 చట్టంలో అవి 7. కొత్త చట్టం షెడ్యూలులో నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్నీ ఆటిజాన్నీ మేధో వైకల్యం అనే శీర్షిక కిందే చేర్చారు. డిస్లెక్సియా ఉన్న పిల్లల తల్లిదండ్రులు దీన్ని తప్పుపట్టడంలో న్యాయం ఉందనే నా అభిప్రాయం. వారి పిల్లలకు పరీక్షలో అదనపు సమయం కావాలి. మేధో వైకల్యం ఉన్నవారికి జీవితాంతం తోడు కావాలి. ఇక్కడి నుంచి ఈ వ్యాసంలో మాట్లాడేది ఈ రెండో వర్గం గురించే. 2011 జనాభా లెక్కల్లో దేశంలో ఇలాంటివారు సుమారు 15 లక్షల మందిగా నమోదయ్యారు.

శాతం ఏం చెబుతుంది, ఏం చెప్పదు

వైకల్య శాతాన్ని తేల్చే సదరం శిబిరంలో మానసిక నిపుణులు రెండు రకాల కొలతలు తీసుకుంటారు. ఒకటి తెలివితేటల పరీక్ష, అంటే ఐక్యూ. మరొకటి వైన్‌ల్యాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేల్ వంటి సామాజిక పరిణతి కొలమానం. ఈ రెండోదానిలో ప్రశ్నలు తల్లికే వేస్తారు: తనంతట తాను అన్నం తింటాడా, రోడ్డు దాటుతాడా, దుకాణానికి పంపితే వస్తువు తెస్తాడా. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం తేలికపాటి స్థాయికి 50 శాతం, మధ్యస్థానికి 75, తీవ్ర స్థాయికి 90, అతి తీవ్రానికి 100 శాతం వైకల్యంగా లెక్క కడతారు. 40 శాతం గాని అంతకన్నా ఎక్కువ గాని ఉంటే చట్టం చెప్పే ప్రయోజనాలకు అర్హత వస్తుంది.

కొలత లేకుండా పథకం నడవదు, అది నిజం. కానీ ఇద్దరు యువకులను ఊహించుకోండి. ఇద్దరికీ 50 శాతం సర్టిఫికెట్లే. ఒకతను ఒంటరిగా ఆర్టీసీ బస్సెక్కి అమ్మమ్మగారి ఊరికి వెళ్లిరాగలడు గాని, వంద నోటిచ్చి టికెట్ తీసుకుంటే చిల్లర ఎంత రావాలో తెలియదు. రెండో అతను చిల్లర సరిగ్గా లెక్కబెడతాడు గాని, బస్సులో జనం తోసుకుంటే భయంతో చెవులు మూసుకొని మెట్ల మీదే కూర్చుండిపోతాడు. మొదటి అతనికి కావలసింది డబ్బు విషయంలో ఆసరా. రెండో అతనికి కావలసింది ప్రయాణంలో పక్కన ఒక మనిషి. శాతం ఇద్దరికీ ఒకటే. సర్టిఫికెట్ చూసి అర్హత చెప్పవచ్చు గాని, ఏ సాయం కావాలో చెప్పలేం.

శాతాల గీతలు ఒక్కోచోట విచిత్రంగా కోసుకుంటాయి కూడా. ఇందిరా గాంధీ జాతీయ వికలాంగుల పింఛను పథకం కింద కేంద్రం ఇచ్చే నెలకు 300 రూపాయలకు కనీసం 80 శాతం వైకల్యం ఉండాలి. మధ్యస్థ మేధో వైకల్యం ఉన్న మనిషి, అంటే స్నానానికీ వంటకూ బయటికెళ్లడానికీ రోజూ ఎవరో ఒకరు పక్కన ఉండాల్సిన మనిషి, 75 దగ్గర ఆగిపోయి ఆ గీత బయటే ఉండిపోతాడు.

సంరక్షణ అంటే ఏ పని?

సామాజిక సంరక్షణ అనే మాట వినగానే మనకు ఆశ్రమమో, హాస్టలో, దాతలు పంచే దుప్పట్లో గుర్తొస్తాయి. ఈ రంగంలో పనిచేసేవారికి ఆ మాటకు అర్థం వేరు. ఒక వ్యక్తి తన రోజును వీలైనంతవరకు తానే గడుపుకునేలా, గడుపుకోలేని చోట మాత్రం మరొకరు చేయి అందించేలా చేసే ఏర్పాటే సంరక్షణ. ఇది ఎంత సూక్ష్మమైన పనో తెలియాలంటే ప్రత్యేక ఉపాధ్యాయులు చొక్కా గుండీ పెట్టుకోవడం ఎలా నేర్పుతారో చూడాలి.

గుండీ పెట్టడం మనకు ఒక్క పని. ప్రత్యేక విద్యలో అది ఆరేడు పనులు. చొక్కా రెండు అంచులను దగ్గరికి తేవాలి, ఒక చేత్తో గుండీ పట్టుకోవాలి, రెండో చేత్తో కాజాను వెడల్పు చేయాలి, గుండీ అంచును కాజాలోకి దూర్చాలి, అవతలి వైపు నుంచి అందుకోవాలి, లాగాలి. మొదటి మెట్టు నుంచి నేర్పితే పిల్లవాడు మూడో మెట్టులోనే విసిగిపోతాడు. అందుకని చాలాసార్లు చివరి నుంచి నేర్పుతారు. గుండీని సగం వరకు ఉపాధ్యాయురాలే దూర్చి, చివరి లాగుడు మాత్రం అతన్ని లాగమంటుంది. గుండీ పడుతుంది. తానే పెట్టుకున్నానన్న సంతోషం అతని ముఖంలో కనబడుతుంది. కొన్ని వారాల తర్వాత చివరి రెండు మెట్లు, ఆ తర్వాత మూడు. ఒక్క గుండీకి నెలలు పట్టవచ్చు. ఇంట్లో ఆ పని తల్లి పది సెకన్లలో చేసేస్తుంది, ఎందుకంటే స్కూలు ఆటో బయట హారన్ కొడుతూ ఉంటుంది. ఆ పది సెకన్ల తొందర రోజూ జరిగితే పాతికేళ్లు వచ్చినా గుండీ రాదు. తల్లిని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఇది ఒక్క మనిషి, అదీ ఇంటి చాకిరీ అంతా చేసే మనిషి, చేయగలిగిన పని కాదని చెప్పడానికే.

ఈ విద్యకు తెలుగు నేల మీదే పెద్ద కేంద్రం ఉంది. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పాటైన జాతీయ సంస్థ, ఇప్పుడు మేధో వైకల్యం ఉన్నవారి సాధికారత జాతీయ సంస్థగా, దేశమంతటికీ ప్రత్యేక ఉపాధ్యాయులను తయారు చేస్తోంది. మండల స్థాయిలో భవిత కేంద్రాలు, వాటిలో పనిచేసే సహిత విద్య రిసోర్స్ పర్సన్లు ఈ పనినే పల్లెలకు చేరుస్తున్నారు. అరకొర జీతాలతో, కొన్ని చోట్ల మంచం పట్టిన పిల్లల ఇళ్లకు కూడా వెళ్లి నేర్పుతున్న వారి పనికి దక్కవలసిన గౌరవం దక్కలేదు. అయితే ఈ వ్యవస్థ బడి వయసు చుట్టూ కట్టినది. పద్దెనిమిది దాటిన వారికి పగటిపూట వెళ్లేందుకు చోటు, చేసేందుకు పని, నేర్పేందుకు మనిషి చాలా జిల్లాల్లో స్వచ్ఛంద సంస్థ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. పద్దెనిమిదేళ్లలో నేర్చుకున్నది ఆ తర్వాత ఇంట్లో కూర్చుని మర్చిపోవడం కుటుంబాలకు బాగా తెలిసిన బాధ.

పింఛను వేరు, తోడు వేరు

డబ్బు విషయంలో తెలుగు రాష్ట్రాలు మిగతా దేశం కన్నా మెరుగ్గా ఉన్నాయని ఒప్పుకోవాలి. తెలంగాణలో దివ్యాంగుల ఆసరా పింఛను 2023లో 4,016 రూపాయలకు, ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి 6,000 రూపాయలకు పెరిగింది. 2016 చట్టం 24వ సెక్షన్ ప్రకారం సామాజిక భద్రతా పథకాల్లో దివ్యాంగులకు ఇచ్చే మొత్తం ఇతరులకు ఇచ్చేదానికన్నా కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 4,000 కాబట్టి చట్టం లెక్కన దివ్యాంగులకు 5,000 చాలు, ఇస్తున్నది 6,000. తెలంగాణలో 2,016కు 4,016, అంటే దాదాపు రెట్టింపు.

అయినా ఈ డబ్బు ఇంటి ఖర్చులో కలిసిపోయేదే తప్ప, తోడుగా ఉండే మనిషిని తెచ్చిపెట్టేది కాదు. తల్లికి జ్వరం వచ్చిన రోజున ఆ అబ్బాయిని ఎవరు చూస్తారన్న ప్రశ్నకు పింఛను జవాబు చెప్పదు. అదే 24వ సెక్షన్ ఎక్కువ సాయం అవసరమైనవారికి సంరక్షకుల భత్యం గురించి కూడా మాట్లాడుతుంది. 38వ సెక్షన్ అలాంటివారు తమ అవసరాన్ని మదింపు చేయమని అడిగే వీలు కల్పించింది. కాగితం మీద ఉన్న ఈ రెండు ఏర్పాట్లూ చాలా కుటుంబాలకు తెలియనే తెలియవు.

పోలిక కోసం ఇంగ్లండ్ పద్ధతి చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడ 2014 కేర్ చట్టం ప్రకారం సాయం అవసరమని కనిపించిన ప్రతి పెద్ద మనిషి అవసరాలనూ స్థానిక కౌన్సిల్ మదింపు చేయాలి. సంరక్షిస్తున్న తల్లికి కూడా విడిగా మదింపు ఉంటుంది: ఆమె నిద్రపోతోందా, ఉద్యోగం వదులుకోవలసి వచ్చిందా, ఆమె ఆరోగ్యం ఎలా ఉంది అని అడగాలి. ఆ తర్వాత ఎన్ని గంటల సాయం కావాలో లెక్కగట్టి, వ్యక్తి పేరు మీద బడ్జెట్ నిర్ణయిస్తారు. నిధుల కొరత, ఎదురుచూపులు, పనివారు దొరకకపోవడం అక్కడా ఉన్న బాధలే. ఆ వ్యవస్థను యథాతథంగా మనం తెచ్చుకోగలమని ఎవరూ అనరు. కానీ "నీకేం కావాలి" అని తల్లిని అధికారికంగా అడిగే ఒక్క ఉద్యోగి కూడా మన మండలాల్లో లేకపోవడం గమనించదగ్గ లోటు.

సంరక్షకుడు ఎవరు, దేనికి?

ఇప్పుడు ఈ వ్యవహారంలో అన్నింటికన్నా గట్టి ముడి దగ్గరికి వచ్చాం. మేజరైన వ్యక్తి తరఫున నిర్ణయం తీసుకునే అధికారం గురించి మన దేశంలో రెండు చట్టాలు మాట్లాడతాయి, రెండింటి ధోరణీ వేరు.

మొదటిది 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి ఇది వర్తిస్తుంది. దీని కింద ప్రతి జిల్లాకూ ఒక స్థానిక స్థాయి కమిటీ ఉంటుంది. జిల్లా కలెక్టర్ స్థాయి అధికారి, నమోదైన స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న ఒక వ్యక్తి అందులో సభ్యులు. తల్లిదండ్రులు గాని బంధువులు గాని దరఖాస్తు చేసుకుంటే కమిటీ సంరక్షకుణ్ణి నియమిస్తుంది. కోర్టు చుట్టూ తిరగకుండా కలెక్టరేట్‌లో తేలిపోవడం దీని ప్రయోజనం. నియమితుడైన సంరక్షకుడు ఆరు నెలల్లోపు ఆస్తుల జాబితా ఇవ్వాలి, ఏటా లెక్కలు చూపాలి. నిర్లక్ష్యం చేసినా, ఆస్తి కాజేసినా అతన్ని తొలగించమని ఫిర్యాదు చేయవచ్చు. ఈ చట్టం 14వ సెక్షన్‌లో చాలామంది గమనించని ఒక మాట ఉంది. కమిటీ ముందుగా రెండు సంగతులు చూడాలి: ఈ వ్యక్తికి సంరక్షకుడు నిజంగా అవసరమా, అవసరమైతే ఏ పనుల కోసం?

రెండోది 2016 చట్టం. మన దేశం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి దివ్యాంగుల హక్కుల ఒడంబడికకు అనుగుణంగా ఇది వచ్చింది. దివ్యాంగులకు ఆస్తి కలిగి ఉండే, వారసత్వం పొందే, డబ్బు వ్యవహారాలు నడుపుకునే హక్కు ఇతరులతో సమానంగా ఉంటుందని దీని 13వ సెక్షన్ చెబుతుంది. తగిన సాయం అందించిన తర్వాత కూడా నిర్ణయం తీసుకోలేకపోతేనే, 14వ సెక్షన్ కింద జిల్లా కోర్టు గాని రాష్ట్రం నోటిఫై చేసిన అధికారి గాని పరిమిత సంరక్షకుణ్ణి నియమించవచ్చు. ఆ సంరక్షకత్వం ఒక నిర్దిష్టమైన నిర్ణయానికి, ఒక నిర్దిష్టమైన కాలానికి మాత్రమే. ఆ వ్యక్తిని సంప్రదిస్తూ, అతని ఇష్టానికి తగ్గట్టు నడవాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, వేరే చట్టాల కింద అంతకుముందు నియమితులైన సంరక్షకులు కూడా ఇకపై పరిమిత సంరక్షకులుగానే వ్యవహరించాలని అదే సెక్షన్ నిర్దేశించింది.

ఈ రెంటికీ తోడు 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఉంది. స్థిరబుద్ధి లేని వ్యక్తి చేసుకున్న ఒప్పందం చెల్లదని అది అంటుంది. దాంతో బ్యాంకు గుమాస్తా ఒక చట్టం చూసి సంతకం చెల్లదంటాడు, హక్కుల కార్యకర్త మరో చట్టం చూసి చెల్లుతుందంటాడు. వాస్తవంలో కుటుంబాలకు దారి చూపుతున్నది నేషనల్ ట్రస్ట్ చట్టం కింద వచ్చే సంరక్షకత్వ సర్టిఫికెటే. దాన్ని గుర్తించి ఖాతా తెరవాలని రిజర్వ్ బ్యాంక్ చాలా ఏళ్ల కిందటే బ్యాంకులకు చెప్పింది.

ఒక ఇంటి లెక్క

నియమాలు చదివితే అర్థం కానివి ఉదాహరణలో తేలిగ్గా తెలుస్తాయి. తపాలా శాఖలో పనిచేసి రిటైరైన ఒక తండ్రిని ఊహించుకుందాం. చివరి మూల వేతనం 50,000 రూపాయలు. ఇద్దరు పిల్లలు. అమ్మాయి పెళ్లై వేరే రాష్ట్రంలో ఉంది. 26 ఏళ్ల అబ్బాయికి మధ్యస్థ మేధో వైకల్యం, 75 శాతం సర్టిఫికెట్. బట్టలు తనే వేసుకుంటాడు, కిరాణా కొట్టుకు చీటీ తీసుకెళ్లి సరుకులు తెస్తాడు, నోట్లను రంగుతో గుర్తుపడతాడు గాని కూడికలు రావు. అక్కంటే ప్రాణం, మేనమామంటే భయం.

ఈ కుటుంబానికి నాలుగు విషయాలున్నాయి. మొదటిది పింఛను. కేంద్ర ప్రభుత్వ పింఛను నిబంధనల ప్రకారం, సొంతంగా సంపాదించుకోలేని మేధో వైకల్యం ఉన్న కొడుకుకు తల్లిదండ్రుల తర్వాత జీవితాంతం కుటుంబ పింఛను వస్తుంది. సాధారణ రేటు చివరి వేతనంలో 30 శాతం కాబట్టి నెలకు 15,000, దానిపై కరవు భృతి. దాన్ని అతని తరఫున అందుకునే వ్యక్తి పేరును తల్లిదండ్రులు బతికుండగానే నామినేట్ చేయవచ్చు. కాబట్టి ఈ పింఛను ఒక్కదాని కోసమే సంపూర్ణ సంరక్షకత్వం అవసరం పడదు.

రెండోది ఇల్లు. "వాడికి ఆస్తి ఎందుకు, అక్క చూసుకుంటుందిలే" అని బంధువులు అంటారు. 1956 హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ ప్రకారం జబ్బు, లోపం, అంగవైకల్యం కారణంగా ఎవరూ వారసత్వానికి అనర్హులు కారు. వీలునామా లేకపోతే తల్లికీ అక్కకూ ఎంత వాటా వస్తుందో అబ్బాయికీ అంతే. అయితే ఆ వాటాను అమ్మడానికో అద్దెకివ్వడానికో కాగితం మీద సంతకం కావాలి. ఇక్కడ సంరక్షకుడి అవసరం నిజంగానే ఉంది. లేదా తండ్రి తన ఆస్తిని 1882 చట్టం కింద ప్రైవేటు ట్రస్టుగా రాసి, అక్కతో పాటు మరొకరిని ధర్మకర్తలుగా పెట్టవచ్చు. అప్పుడు ఆస్తి నిర్వహణ ఒకరి చేతిలో, మనిషి బాగోగులు మరొకరి చేతిలో ఉంటాయి, ఒకరినొకరు కనిపెట్టుకొని ఉంటారు.

మూడోది వైద్యం. 1999 చట్టం కింద ఏర్పడిన నేషనల్ ట్రస్ట్ సంస్థ నడిపే నిరామయ ఆరోగ్య బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు, ఓపీ ఖర్చులు, థెరపీలతో సహా వస్తాయి. ముందస్తు వైద్య పరీక్షలు లేకుండానే చేరవచ్చు.

నాలుగోది, అందరూ వదిలేసేది: అతను ఎవరితో ఉండాలి? ఆస్తి విషయాల్లో సమర్థుడని మేనమామను సంరక్షకుణ్ణి చేస్తే, కాగితాలు సజావుగా నడుస్తాయి గాని అబ్బాయి రోజూ భయపడుతూ బతకాలి. అతనికి కూడికలు రాకపోవచ్చు. ఎవరి దగ్గర ప్రశాంతంగా ఉంటాడో అతనికి తెలుసు. ఆ ఒక్క నిర్ణయంలో ఇంట్లో అందరికన్నా సరైన సమాచారం ఉన్నది అతని దగ్గరే.

రెండు వాదనలు, రెండింటి బరువు

సంరక్షకత్వం అనేదే ఉండకూడదని ఒక వాదన. ఒకరి తరఫున మరొకరు నిర్ణయించే పద్ధతికి స్వస్తి చెప్పి, నిర్ణయం తీసుకోవడంలో సాయం చేసే పద్ధతి రావాలని, దివ్యాంగుల ఒడంబడిక అమలును చూసే ఐక్యరాజ్యసమితి కమిటీ 2014లో స్పష్టంగా చెప్పింది. పెరూ దేశం 2018లో వికలాంగుల విషయంలో సంరక్షకత్వాన్ని రద్దు చేసింది. ఈ వాదన వెనక పెద్ద అనుభవమే ఉంది. సంరక్షకత్వం పేరుతో ఆస్తి రాయించుకున్నవారు, ఆడపిల్లలకు అడగకుండానే గర్భసంచి తీయించినవారు ఉన్నారు.

మన సుప్రీంకోర్టు ముందుకు 2009లో వచ్చిన సుచితా శ్రీవాస్తవ కేసు ఈ సందర్భంలో గుర్తుంచుకోవలసినది. చండీగఢ్‌లోని ప్రభుత్వ సంస్థలో ఉంటున్న, తేలికపాటి మేధో వైకల్యం గల ఒక యువతి అత్యాచారం వల్ల గర్భవతి అయింది. ఆమె బిడ్డను కనాలనుకుంది. ఆమె మేలు కోసమంటూ హైకోర్టు గర్భస్రావానికి ఆదేశించింది. సుప్రీంకోర్టు దాన్ని ఆపింది. మానసిక అనారోగ్యం వేరు, మేధో వైకల్యం వేరు అని విడదీసి, మేజరైన ఆమె సమ్మతి లేకుండా గర్భస్రావం చేయడం కుదరదని చెప్పింది. ఆమెను కాపాడవలసిన చోటే ఆమెపై అత్యాచారం జరిగింది, ఆ తర్వాత ఆమె ఇష్టాన్ని అడగవలసిన చోట అడగలేదు.

తల్లిదండ్రుల వాదన మరోలా ఉంటుంది. మాటే రాని, నొప్పి ఎక్కడో చెప్పలేని, అతి తీవ్ర వైకల్యం ఉన్న కూతురికి నిర్ణయంలో సాయం అంటే ఏమిటి? శస్త్రచికిత్సకు ఎవరో ఒకరు సంతకం పెట్టాలి, ఆసుపత్రి ఆగదు. సంరక్షకుడు లేకపోతే ఖాళీగా ఉన్న ఆ చోటులోకి చట్టానికి జవాబు చెప్పనక్కర్లేని బంధువు వస్తాడు. ఏటా లెక్క చూపవలసిన సంరక్షకుడే నయం కదా? ఈ ప్రశ్నను హక్కుల వాదులు తేలిగ్గా తీసేయలేరు.

నా దృష్టిలో మన రెండు చట్టాలను కలిపి చదివితే దారి దొరుకుతుంది. 1999 చట్టం అడిగే "ఏ పనుల కోసం" అన్న ప్రశ్నను కమిటీలు నిజంగా అడిగితే, 2016 చట్టం కోరే పరిమితి దానంతట అదే వస్తుంది. పై ఉదాహరణలోని అబ్బాయికి ఇంటి వాటా రిజిస్ట్రేషన్ కోసం సంరక్షకుడు చాలు. ఏ చొక్కా వేసుకోవాలో, ఎవరింట్లో పండగ చేసుకోవాలో, జేబులోని వంద రూపాయలతో ఏం కొనుక్కోవాలో నిర్ణయించడానికి ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు. ఆ వందతో రోజూ కూల్‌డ్రింకే కొన్నా అది అతని తప్పు, చేసే హక్కున్న తప్పు. ఇంగ్లండ్ 2005 నాటి మెంటల్ కెపాసిటీ (నిర్ణయ సామర్థ్య) చట్టం ఈ సూత్రాన్ని తిన్నగా రాసుకుంది: తెలివితక్కువ నిర్ణయం తీసుకున్నంత మాత్రాన ఆ మనిషికి నిర్ణయ సామర్థ్యం లేదని అనుకోకూడదు.

అమ్మానాన్నల తర్వాత ఇల్లు

డెబ్బై దాటిన తల్లిదండ్రులు రాత్రుళ్లు ఆలోచించేది దీని గురించే. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు చూసుకుంటారన్నది మన సంప్రదాయ జవాబు. చూసుకుంటున్నవారు చాలామందే ఉన్నారు. కాని తోబుట్టువు డల్లాస్‌లో ఉంటే చూసుకోవడమంటే డబ్బు పంపడమే అవుతుంది. వదినకో బావకో ఇష్టం లేకపోతే ఆ ఏర్పాటు ఒక్క గొడవతో కూలిపోతుంది.

వసతి గృహాల విషయంలోనూ అభిప్రాయాలు రెండుగా ఉన్నాయి. వందమందిని ఒక్కచోట ఉంచే పెద్ద సంస్థల్లో తిండి, మందు సమయానికి దొరుకుతాయి, కానీ మనిషి ఒక మంచం నంబరుగా మిగులుతాడన్నది విమర్శ. దివ్యాంగులెవరినీ ఫలానా చోటే ఉండాలని బలవంతపెట్టకూడదని 2016 చట్టం 5వ సెక్షన్ అంటుంది. నమోదు లేకుండా ఏ సంస్థనూ నడపకూడదని 50వ సెక్షన్ నిర్దేశిస్తుంది. నేషనల్ ట్రస్ట్ ఘరౌందా, సమర్థ్ పథకాలు ఈ అవసరం కోసమే పుట్టాయి. మొదటిది పెద్దవారికి జీవితాంతం ఉండే ఇల్లు, రెండోది కుటుంబానికి కొన్నాళ్లు ఊపిరి తీసుకునే వీలు. అవి నడిచేది నమోదైన సంస్థల ద్వారా కాబట్టి, అలాంటి సంస్థ లేని జిల్లాలో పథకం పేరు మాత్రమే ఉంటుంది. ఈ పథకాలకన్నా ముందే, 1995లో పరివార్ అనే తల్లిదండ్రుల సంఘాల సమాఖ్య ఏర్పడింది. కొన్నిచోట్ల నాలుగైదు కుటుంబాలు కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకొని, పిల్లలను వారంలో రెండు రోజులు అక్కడ ఉంచడం మొదలుపెడుతున్నాయి. తల్లి బతికుండగానే అలవాటైన ఇల్లు, తల్లి పోయిన రాత్రి హఠాత్తుగా దించేసిన ఇల్లు ఒకటి కావు.

ఇలాంటి ఏర్పాటు ఏదైనా సరే, కొత్తగా చూసుకోబోయేవారికి తల్లి తల నిండా ఉన్న సమాచారం చేరాలి. అది ఏ సర్టిఫికెట్‌లోనూ ఉండదు. ప్రత్యేక ఉపాధ్యాయులు కొందరు తల్లులతో ఒక మామూలు గీతల నోటు పుస్తకంలో అదంతా రాయిస్తున్నారు. పై ఉదాహరణలోని అబ్బాయి తల్లి రాస్తే అందులో ఇలా ఉండవచ్చు: మజ్జిగ పల్చగా ఉంటేనే తాగుతాడు. మూర్ఛ మాత్ర రాత్రి ఎనిమిదింటికి, అరటిపండులో పెట్టి. కరెంటు పోతే పక్కన కూర్చుని చేయి పట్టుకోవాలి, మాట్లాడనక్కర్లేదు. కడుపునొప్పి అని చెప్పలేడు, చొక్కా కింది గుండీ తీసి మళ్లీ పెడుతుంటాడు. అలా మూడుసార్లు చేస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మేనమామ వచ్చినప్పుడు గది తలుపు తెరిచే ఉంచండి. ఆదివారం అక్కకు వీడియో కాల్ చేయాలి, సాయంత్రం ఆరు తర్వాత అయితే ఎదురుచూసి ఏడుస్తాడు.